గాలం దారం కుట్టు

రెబ్కా తమ్ముడు ఎలీషా వాడరేవులో ఐసు ఆటో తోల్తాడు. పడవల వాళ్ళు చిక్కుపడిందనో అరిగిపోయిందనో ఇసకలో విసిరేసిన గాలం దారం కనపడితే వాడి చేతులూరుకోవు. ఏరి సంచిలో వేసుకుంటాడు. నెలకోసారి అక్కని చూడ్డానికి వచ్చేటప్పుడు ఓ పండా, ఓ స్వీటు ప్యాకెట్టా, ఏమీ ఉండదు. పిచిక గూడంత దారం ఉండ తెచ్చి చేతిలో పెడతాడు.

"సముద్రం పక్కన కాపురం పెట్టి అక్కకో చేప తేవడం చేతకాదు గానీ, చేపలు కొరికి వదిలేసిన దారం తెస్తావంట్రా? నీ మొహం మండ!" అని రెబ్కా తిట్టేది. తిడుతూనే గడప మీద కూలబడి చిక్కు తీసేది.

చిక్కు తీయడంలో ఆవిడకున్న ఓపిక ఇంకెందులోనూ లేదు. నోరంటారా, అమ్మో! ఆ పేటలో రెబ్కా నోటికి జడవని వాళ్ళు లేరు. కానీ ఆ దారం ముందు కూర్చుంటే మాత్రం పసిపిల్లకి తల దువ్వుతున్నంత నెమ్మది వచ్చేసేది.

ఆ దారానిది ఏం బలమో! కంటికి ఆనదు. తెంపబోతే వేలు తెగుతుంది గానీ అది తెగదు. తెగిన చెప్పు దాంతోనే కుట్టేది. బీరపాదుకి పందిరి దాంతోనే అల్లేది. కళ్ళజోడు కాడ ఊడితే అదే. బైబిలు అట్ట ఊడి ముందు పేజీలు రాలిపోతుంటే దబ్బనంతో పొడిచి బిగించి కుట్టింది, ఇప్పుడా పుస్తకాన్ని గోడకేసి కొట్టినా చెక్కు చెదరదు. మిరపకాయల రోజుల్లో తను కూలికెళ్ళే రైతు బుల్లయ్య గారి కళ్ళంలో టిక్కీల, అంటే మిరప బస్తాల, మూతులు కుట్టేది కూడా రెబ్కాయే. పురికొస అయిపోయిందంటే ఇంకొకరైతే కూర్చుంటారు. ఈవిడ కొంగుముడి విప్పి ఈ దారం తీసేది. "గుంటూరు యార్డులో నీ కుట్టు విప్పలేక హమాలీలు నన్ను బూతులు తిడుతున్నారే రెబ్కా," అని బుల్లయ్య గారు పడీ పడీ నవ్వేవాడు.

ఇదంతా నవ్వుకునే సంగతి. కుర్చీల సంగతి వేరు.

ఆ ఊరి చర్చిలో మనుషులకంటే పేర్లెక్కువ. ఫ్యాను రెక్కల మీద పేర్లు, గోడ గడియారం మీద పేరు, మైకు పెట్టె మీద పేరు, నీళ్ళ డ్రమ్ము మీద కూడా పేరే. ఇంట్లో ఎవరన్నా పోతే వాళ్ళ జ్ఞాపకార్థం చర్చికి ఏదో ఒకటి ఇచ్చి, దాని మీద నీలం రంగుతో పేరు రాయించడం అక్కడి ఆనవాయితీ. అందులో ఓ సుఖముంది. పోయినోళ్ళు పోయి పదేళ్ళైనా ఆదివారం ఆదివారం నలుగురి నోళ్ళలో నానుతారు. "కాస్త ఆ మరియమ్మ గారి ఫ్యాను వెయ్యండి," అంటారు. "ఆ దావీదు గారి కుర్చీ ఇటు జరపండి," అంటారు. నిలువెత్తు మనిషి మట్టిలో కలిసిపోయినా పేరు మాత్రం ఇంకా ఊళ్ళో తిరుగుతుంటుంది.

దావీదు గారంటే సంఘ పెద్ద జయరావు మేష్టారి తండ్రి. రిటైరైన హెడ్మాష్టరు జయరావు. చెడ్డవాడని ఎవరూ అనలేరు. చర్చి తలుపులు తీసేదీ ఆయనే, లెక్క చూసేదీ ఆయనే, కష్టమొస్తే పాస్టరు అయ్యగారికంటే ముందు గుమ్మంలో నిలబడేదీ ఆయనే. కాకపోతే చర్చంటే తన చేతికింద బడి అనుకుంటాడు, మనుషులంటే మూడో తరగతి పిల్లలనుకుంటాడు. అదీ ఆయనతో తంటా.

రెబ్కా మొగుడు మార్కు ఆ చర్చిలో ముప్పయ్యేళ్ళు డోలక్ వాయించాడు, చాప మీద కూర్చుని. కూలికెళ్ళే వాళ్ళంతా చాపల మీదే. కుర్చీలు వెనక వరసలో, ముసలివాళ్ళకీ పెద్దమనుషులకీ. పత్తిచేలకి మందు కొట్టీ కొట్టీ మార్కు ఊపిరితిత్తులు పాడైపోయాయి. ఆఖరి ఏడు కింద కూర్చుంటే లేవలేకపోయేవాడు. ఓ ఆదివారం, మూడేళ్ళ కిందట, రెబ్కాయే బలవంతం చేసి వెనక వరసలో కుర్చీలో కూర్చోబెట్టింది. ప్రార్థన సగంలో దగ్గు తెర వచ్చి మనిషి ఊగిపోయాడు. ఫట్టుమని కుర్చీ నడుం చీలింది, మార్కు వెల్లకిలా పడ్డాడు.

పిల్లలు నవ్వారు. పిల్లలు నవ్వితే పెద్దలూ నవ్వారు. జయరావు మేష్టారు పరుగున వచ్చి, ముందు కుర్చీ లేపి చూసుకుని, "ఒరేయ్ మార్కూ, మా నాన్న కుర్చీరా అది!" అన్నాడు. తర్వాత మనిషిని కూడా లేపాడులెండి, లేపలేదని కాదు. కానీ ముందు లేపింది కుర్చీని. అది రెబ్కా చూసింది.

మార్కు మళ్ళీ చర్చికి రాలేదు. "నాకు కుర్చీలెందుకే, అలవాటు లేని పని చేయించావు," అని ఒకే ఒక్కసారి అన్నాడు. నలభై రోజులకి పోయాడు.

పోయిన వారానికి రెబ్కా చర్చి వెనక గదిలోంచి ఆ చీలిన కుర్చీ ఇంటికి తెచ్చుకుంది. దబ్బనం పొయ్యిలో కాల్చి, చీలిక అటూ ఇటూ బెజ్జాలు పొడిచి, గాలం దారం నాలుగు పేటలు వేసి అడ్డదిడ్డంగా బిగించి కుట్టింది. ముడి కొస అగ్గిపుల్లతో కరిగించి అదిమింది. కుర్చీ మీద తనే ఎక్కి గెంతి చూసుకుంది. కిర్రుమనలేదు. పట్టుకెళ్ళి వెనక వరసలో పెట్టి, "ఇదిగో మేష్టారూ మీ నాన్న కుర్చీ, ఇప్పుడు ఏనుగు కూర్చున్నా ఆగుద్ది," అంది.

మేష్టారు వంగి చూసి నిజంగానే ఆశ్చర్యపోయాడు. "వెనక గదిలో ఇంకా ఉన్నాయి రెబ్కమ్మా, పాత సామాన్ల వాడికి వేద్దామనుకుంటున్నాను," అన్నాడు.

ఇంకేం! రెండేళ్ళలో నలభై కుర్చీలు కుట్టింది. పొద్దున కూలికి పోవడం, సాయంత్రం ఓ కుర్చీ ముందేసుకోవడం. ఎలీషాని దారం కోసం ఫోన్ల మీద ఫోన్లు చేసి చంపేది. వేళ్ళు కోసుకుపోయి, కారం నలిపితే ప్రాణం పోయేది. ఇదంతా దేవుడి పనని ఊరంతా అనుకున్నారు. రెబ్కా లోపల ఇంకోటుంది. నలభయ్యోది అయ్యాక అడిగింది.

"మేష్టారూ, మా ఆయన పేరు ఒక్క కుర్చీ మీద రాయించండి."

జయరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "పేరు ఇచ్చినవాళ్ళది రాస్తాం గానీ కుట్టినవాళ్ళది రాస్తామా అమ్మా? రేపు చీపురు పట్టిన ప్రతివాళ్ళూ గోడ మీద పేరడిగితే?"

"పోనీ కొనిస్తా. ఓ కుర్చీ నేనే కొనిస్తా. కూలి డబ్బులు దాచుకున్నా."

"డజనుకి తక్కువ తీసుకోకూడదని నిరుడు కమిటీలో తీర్మానం చేశాం కదమ్మా. ఒకటీ అరా తీసుకుంటే చర్చి నిండా రంగురంగుల కుర్చీలై సంతలా ఉంటుంది. నువ్వు డజను ఇయ్యి, నేనే దగ్గరుండి రాయిస్తా."

డజను కుర్చీలు! రెబ్కా గుడిసె అమ్మినా రావు. ఆ నోరున్న రెబ్కా, బుల్లయ్య గారినే ఎదిరించి మాట్లాడే రెబ్కా, ఆ పూట ఒక్క మాట అనలేకపోయింది. చెప్పొద్దూ, ఒళ్ళు మండిపోయింది. నలభై కుర్చీల్లో ఎవరెవరి తాతలో, ఎవరెవరి అత్తలో తన కుట్ల మీద నిలబడి ఉన్నారు. తన మొగుడు మాత్రం ఎక్కడా లేడు.

శనివారాలు చర్చి ఊడ్చేదీ రెబ్కాయే. ఆ శనివారం మధ్యాహ్నం ఊడవడానికి వెళ్ళి, తలుపు గొళ్ళెం పెట్టింది. దావీదు గారి కుర్చీ ముందేసుకుంది. అదే, మార్కు పడ్డ కుర్చీ. కొవ్వొత్తి వెలిగించి దబ్బనం కొస కాల్చింది. వీపు ఆనే చోట, లోపలి వైపు, చుక్క చుక్కగా బెజ్జాలు పొడిచి, ఆ బెజ్జాల్లో గాలం దారం ఎక్కించి దించి మొగుడి పేరు కుట్టింది. రెండే రెండక్షరాలు. మూడో తరగతితో ఆగిన చదువు, కింద వత్తు ఎటు తిప్పాలో తెలీక బైబిలు తెరిచి మార్కు సువార్త పైన అచ్చు చూసి మరీ కుట్టింది. దారం ఎక్కడా తెంపలేదు. మొదటి అక్షరం నుంచి చివరి వత్తు దాకా ఒకే పోగు.

తెల్ల కుర్చీ మీద నీటి రంగు దారం. చూస్తే ఏమీ లేదు. బొటనవేలితో తడిమితే మాత్రం మార్కు తగులుతాడు.

అప్పట్నుంచీ ఊడ్చిన ప్రతి శనివారం ఆ కుర్చీ దగ్గర కూర్చుని వేలితో ఒకసారి చదువుకునేది. ఆ వారం ఏం జరిగిందో చెప్పేది కూడా. బుల్లయ్య గారి చేలో బొబ్బర తెగులొచ్చిందనీ, ఎలీషా ఆటో మళ్ళీ రిపేరుకొచ్చిందనీ. తండ్రి పేరుందని జయరావు మేష్టారు ఆదివారాల్లో ఆ కుర్చీలోనే కూర్చునేవాడు. మధ్య మధ్యలో వీపు గోక్కునేవాడు. చాప మీద నుంచి అది చూసి రెబ్కాకి నవ్వాగేది కాదు. గోకు నాయనా గోకు, నిన్ను పొడుస్తున్నది మా ఆయనే, అనుకునేది. ముప్పయ్యేళ్ళు చాప మీద కూర్చున్న మనిషి ఇప్పుడు మేష్టారితో సమానంగా కుర్చీలో ఉన్నాడు. ఎవరికీ తెలియకపోతేనేం, తనకి తెలుసు. అదే ఆవిడ చేసిన పొరపాటు.

ఈ ఏడు ఫిబ్రవరిలో, మిరపకోతలు ముమ్మరంగా ఉన్న రోజుల్లో, ఆరాధన అయ్యాక మేష్టారు మైకు తీసుకున్నాడు. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న ఆయన కూతురు స్తుతి తాతగారి జ్ఞాపకార్థం నూరు కొత్త కుర్చీలు ఇస్తోందట. మంగళవారం దిగుతాయట. పాతవన్నీ తీసేస్తారట. అందరూ చప్పట్లు కొట్టారు. రెబ్కా చేతులు ఒళ్ళోంచి లేవలేదు.

జనం వెళ్ళేదాకా ఆగి మేష్టారి దగ్గరికెళ్ళింది. "పాతవాటిలో నాకో కుర్చీ ఇప్పించండి మేష్టారూ."

"అయ్యో, దానికేం భాగ్యం! నలభై కుట్టావు, ఒకటి తీసుకోలేవా?" నిజంగా సంతోషంగానే అన్నాడు. "ఏది కావాలో తీసుకో."

"మీ నాన్నగారిది."

మేష్టారి మొహం మారిపోయింది. "మా నాన్న పేరున్న కుర్చీ నీ ఇంట్లో ఎందుకమ్మా? వాకిట్లో పడేస్తావు, దాని మీద కోళ్ళెక్కుతాయి. పేర్లన్నీ గీకించాకే పాత సామాన్లకి వేయిస్తున్నా, ఎవరి పెద్దల పరువు వాళ్ళది. ఇంకోటేదన్నా తీసుకో."

"అదే కావాలండీ."

"అదే ఎందుకు?"

అక్కడ చెప్పాలి. మా ఆయన పేరు కుట్టుకున్నానండీ దాని మీద, అని ఒక్క ముక్క అంటే అయిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ చుట్టూ ఇంకా నలుగురున్నారు. గొళ్ళెం పెట్టుకుని దొంగచాటుగా ఎదుటివాళ్ళ కుర్చీకి బెజ్జాలు పొడిచిందంటారు. అడిగితే ఇవ్వలేదని కాజేసిందంటారు. మార్కు ఒకసారి పడినప్పుడు నవ్విన నోళ్ళే అవన్నీ. మళ్ళీ ఆయన పేరు పెట్టి నవ్వడానికి తనే సందిస్తుందా?

"కుట్టు బాగా కుదిరిందండీ దానికి," అంది.

"అన్నీ బాగానే కుట్టావు," అని మేష్టారు తాళంచెవులు తీసుకున్నాడు.

మంగళవారం తెల్లారకముందే ఆ కుర్చీ ఎత్తుకొచ్చేద్దామనుకుంది, దొంగతనమైతే దొంగతనమే. కానీ సోమవారం సాయంత్రమే తలుపుకి కొత్త తాళం పడింది, కొత్త కుర్చీలొస్తున్నాయి కదా మరి. మంగళవారం పొద్దున తాళం తీసేదాకా ఆగుదామంటే బుల్లయ్య గారి మేస్త్రీ ఆటో గుమ్మంలో పెట్టి హారను. మబ్బు పట్టింది, కళ్ళంలో కాయ తడిస్తే రంగు పోతుంది, రానంటే ఇంక ఈ సీజనంతా పిలవరు. మధ్యాహ్నానికి వచ్చేస్తాలే అనుకుని ఎక్కింది. రాలేకపోయింది. పొద్దుగూకి వచ్చేసరికి చర్చి నిండా ఎర్ర కుర్చీలు, వీపుల మీద బంగారు రంగులో దావీదు గారు నూరుసార్లు. వెనక గది ఖాళీ.

"చీరాల రైలు గేటు దగ్గర పాత సామాన్ల కొట్టు వాసిం వచ్చి వేసుకెళ్ళాడు," అన్నారు.

బుధవారం కూలి మానేసి మొదటి బస్సుకే చీరాల వెళ్ళింది. దారిలో అంతా ఒకటే లెక్క: అడిగినంతా ఇచ్చేయాలి, కుర్చీ బస్సెక్కనివ్వకపోతే నెత్తిన పెట్టుకుని నడవాలి.

కొట్టు ముందు తెల్ల ప్లాస్టిక్ ముక్కలు గుట్టలుగా ఉన్నాయి. ముప్పయ్యేళ్ళ మనిషి స్టూలు మీద కూర్చుని, ఓ కుర్చీ ముక్క మోకాళ్ళ మధ్య బిగించుకుని, బ్లేడుతో దారం కోస్తున్నాడు.

"బాబూ, నిన్న మా ఊరి చర్చి నుంచి కుర్చీలు తెచ్చావా?"

"తెచ్చానమ్మా, తెచ్చాను. తెచ్చి నా చావుకొచ్చింది," అన్నాడు వాసిం తలెత్తకుండా. "దారముంటే ముక్కలు చేసే మిషన్లో చుట్టుకుంటుంది. నిన్న సాయంత్రం నుంచి ఇదే పని. ఎవడు కుట్టాడో గానీ వాడి చేతులు పడిపోను!"

రెబ్కా రెండు చేతులూ కొంగులో దాచుకుంది.

"కానీ ఓ మాట చెప్పాలమ్మా," అని వాసిం బ్లేడు ఆపాడు. "పనివాడు! సుత్తి పెట్టి కొడితే కుర్చీ పక్కన పగిలింది గానీ కుట్టు దగ్గర పగల్లేదు. ఒక్కటి కూడా. పదిహేనేళ్ళుగా ఈ పనిలో ఉన్నా, ఇలాంటి కుట్టు చూళ్ళేదు."

మూడేళ్ళలో ఆ కుట్టుని ఎవరన్నా అంత మనసారా మెచ్చుకోవడం అదే మొదలు. అది కూడా విప్పేవాడు. రెబ్కా కొంగులోంచి చేతులు బయటికి తీసింది.

"అందులో ఒకదానికి వీపు దగ్గర సన్నంగా కుట్టుండాలి నాయనా. చీలిక లేని చోట. కనపడదు, తడిమితే తెలుస్తుంది."

"ఆఁ, ఉంది ఒకటి. చీలిక లేకుండా ఊరికే ఎందుకు కుట్టాడా అనుకున్నా. రాత్రే కోసేశా దాన్ని." వెనక వరసగా నిలబెట్టిన గోతాలకేసి చెయ్యి చూపించాడు. "మిషన్లో పడిపోయిందమ్మా. ఏం, అందులో ఏమన్నా దాచారా?"

రెబ్కా గోతాల దగ్గరికి వెళ్ళింది. ఒకదాని మూతి విప్పి చెయ్యి పెట్టింది. మరమరాలంత తెల్ల ముక్కలు. గుప్పెడు తీసింది, బొటనవేలితో తడిమింది, వదిలింది. ఇంకో గుప్పెడు తీసింది. నాలుగో గుప్పెడుకి వాసిం వచ్చి, "ఏం పోయిందమ్మా?" అన్నాడు మెల్లగా.

"మా ఆయన," అంది రెబ్కా. అని అక్కడే కూలబడి, నోరు తెరిచి, సిగ్గూ ఎగ్గూ లేకుండా ఏడ్చింది. మొగుడు పోయిన రోజు కూడా అంత ఏడవలేదు.

పాపం ఆ కుర్రాడికి ఏం అర్థమైందో ఏమో, మంచినీళ్ళిచ్చాడు. టీ తెప్పిస్తానన్నాడు. వెళ్ళేటప్పుడు స్టూలు పక్కనున్న కవరు తెచ్చి, "కోసిన దారమంతా ఇందులో ఉందమ్మా. నాకెందుకూ పనికిరాదు, కావాలంటే తీసుకెళ్ళు," అన్నాడు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ కవరు ఒళ్ళో పోసుకుంది. నలభై కుర్చీల కుట్లు. జానెడు ముక్కలు, బెత్తెడు ముక్కలు, అన్నీ బెజ్జాల దగ్గర వంకర తిరిగినవే. మార్కుది ఒకే పోగు కదా, పొడుగ్గా ఉండాలి కదా అనుకుంది. కోసేవాడు పొడుగు చూసి కోస్తాడా? ప్రతి ముక్కా ఎండకి ఎత్తి చూసింది. బస్సు ఇంకొల్లు చేరేదాకా చూసింది. ఇందులో ఏదో ఆయన ఉన్నాడు, ఏదో తెలీదు. చెప్పు కుట్టడానికి కూడా చాలని ముక్కలు.

ఆదివారం చర్చికి వెళ్ళింది. వెళ్ళక ఏం చేస్తుంది? చాప మీద తన చోట కూర్చుంది. రెండో పాట మధ్యలో వెనక నుంచి ఫట్టుమని చప్పుడైంది. ఎవరో పిల్లాడు కుర్చీ వెనక్కి వాల్చి ఊగాడట, కొత్త ఎర్ర కుర్చీ కాలు చీలింది. వారం కాలేదు దిగి. ఇప్పటి ప్లాస్టిక్ అంతే, చూపుకే.

ఆరాధన అయ్యాక జయరావు మేష్టారు ఆ కుర్చీ రెండు చేతులా పట్టుకుని నేరుగా రెబ్కా దగ్గరికి వచ్చాడు. మనిషి చిన్నబోయి ఉన్నాడు.

"రెబ్కమ్మా, స్తుతికి తెలిస్తే బాధపడుతుంది. నీ దగ్గర దారం ఉందిగా? సాయంత్రానికల్లా కాస్త కుట్టేసి పెట్టమ్మా."

చుట్టూ జనం ఆగి చూస్తున్నారు. దారం ఉంది. మొన్ననే ఎలీషా తెచ్చిన ఉండ, చిక్కు కూడా తీయనిది, ఇంట్లో దూలానికి వేలాడుతోంది. రెబ్కా చాప మీద నుంచి లేవలేదు.

"కుడతాను మేష్టారూ, ఎందుక్కుట్టను?" అంది, చర్చంతా వినపడేలా. "డజను విరిగాక తెండి. డజనుకి తక్కువైతే నేను ముట్టుకోను."

ఎవరో కిసుక్కుమన్నారు. మేష్టారికి కాసేపు అర్థం కాలేదు, తర్వాత అర్థమైంది. కుర్చీ అలాగే పట్టుకుని నిలబడ్డాడు. "ఆ మాట మనసులో పెట్టుకున్నావా అమ్మా?" అన్నాడు చివరికి.

రెబ్కా లేచి చాప చుట్టింది. నోరారా అన్నందుకు ఓ క్షణం కడుపు చల్లబడింది, అంతే, మళ్ళీ మామూలే. ఎవరో వచ్చి మేష్టారి చేతిలోంచి కుర్చీ అందుకుని, "దావీదు గారి కుర్చీ ఇలా ఇవ్వండి, లోపల పెడతాను," అన్నారు. ఇంకెవరో ఉక్కపోస్తోందని మరియమ్మ గారి ఫ్యాను వెయ్యమన్నారు. మార్కు పేరు ఆ పూట కూడా ఎవరి నోటా రాలేదు.